పోకర్‌తో ఇల్లు గడపాలంటే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

"అక్కా, కొన్ని నెలలుగా జీతం కంటే టేబుల్ మీదే ఎక్కువ వస్తోంది. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. ఏమంటావ్?"

ఈ ప్రశ్న నన్ను తరచుగా అడుగుతుంటారు. ఒకప్పుడు హైదరాబాద్, బెంగళూరుల్లో ఆన్‌లైన్‌లో ఆడే కుర్రాళ్ళు అడిగేవారు. ఇప్పుడు వీలు దొరికినప్పుడల్లా గోవా వెళ్ళొచ్చేవాళ్ళు, డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో వారాంతాల్లో కార్డ్ రూమ్‌కి వెళ్ళే మనవాళ్ళు అడుగుతున్నారు. అవుననో కాదనో ఒక్క మాట చెప్పి పంపేయలేను. ఇది ఒక మనిషి బతుకుతెరువు, వెనక ఒక ఇల్లు ఉంటుంది. అందుకే ఎవరికైనా కాగితం, పెన్ను ఇచ్చి లెక్క వేయిస్తాను. ఆ లెక్కనే ఇక్కడ రాస్తున్నా.

మాది తెనాలి. ఆంధ్రా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివి, ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి, అక్కడే పోకర్ నేర్చుకున్నాను. కొన్నేళ్ళపాటు మా ఇంటి అద్దె, అమ్మ మందులు, చెల్లి చదువు ఆన్‌లైన్ క్యాష్ టేబుళ్ళ మీద వచ్చిన డబ్బుతోనే గడిచాయి. ఇప్పుడు బెంగళూరులో ఒక బీమా కంపెనీలో ప్రీమియం లెక్కలు కడుతున్నాను. ఆట ఎలా ఆడాలో ఇక్కడ చెప్పను. బాగా ఆడటం వచ్చిన మనిషి ఈ ఆట మీద ఇరవై ఏళ్ళు బతకగలరా అన్నది ఎలా తేల్చుకోవాలో చెబుతాను.

ముందు టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళను లెక్కపెట్టండి

పోకర్‌లో కొత్తగా డబ్బు పుట్టదు. మీరు గెలిచే ప్రతి రూపాయీ ఎవరో ఒకరి జేబులోంచే రావాలి. కాబట్టి "నేనెంత బాగా ఆడతాను" అని కాకుండా, "ఇక్కడ సరదాకి పోగొట్టుకునేవాళ్ళు ఎంతమంది, వాళ్ళు వచ్చే ఏడాది కూడా వస్తారా" అని మొదలుపెట్టాలి.

గోవాలో మాండవి నది మీద తేలే కాసినోల్లో తొమ్మిది సీట్ల టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు మొదటి అరగంట నేను చేసే పని ఇదే. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చిప్స్‌ని ఇరవై ఇరవైగా దొంతర్లు పేర్చి, చేతికొచ్చిన ముక్కల్లో ఎక్కువ భాగం పారేస్తూ, పాట్ (మధ్యలో పోగైన పందెం డబ్బు) సైజు మనసులో లెక్క కట్టుకునేవాళ్ళు ఒక రకం. వాళ్ళు సంపాదించడానికి వచ్చినవాళ్ళు. స్నేహితులతో కబుర్లాడుతూ, మందు తాగుతూ, ఆఠీను రెండు ముక్కలు కనిపిస్తే చాలు, ఐదూ ఆఠీన్లే పడి ఫ్లష్ అవుతుందని చివరిదాకా వెళ్ళేవాళ్ళు రెండో రకం. తొమ్మిది మందిలో రెండో రకం నలుగురున్నారంటే బంగారంలాంటి టేబుల్. ఇద్దరే ఉన్నారంటే మిగతా ఏడుగురం ఆ ఇద్దరి డబ్బు కోసం ఒకరినొకరం తోసుకుంటున్నట్టే. ఒకరే ఉంటే నేను లేచి వచ్చేస్తాను. మీరు కూడా వెళ్ళిన ప్రతిసారీ ఈ సంఖ్య నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏడాది తర్వాత వెనక్కి తిప్పి చూస్తే, మీ గెలుపు ఓటముల కంటే ఆ ఒక్క వరసే భవిష్యత్తు గురించి ఎక్కువ చెబుతుంది.

ఈ సరదా మనుషుల రాక ఎలా పెరుగుతుందో, ఎలా ఆగుతుందో చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 2003లో అమెరికాలో టెనెస్సీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్, వంద డాలర్ల లోపు ఆన్‌లైన్ టోర్నమెంట్‌లో సీటు గెలుచుకుని వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌కి వెళ్ళి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ ఏడాది ఆడినవాళ్ళు 839 మంది. మూడేళ్ళు తిరిగేసరికి, 2006లో 8,773 మంది. మాలాంటి మామూలు మనిషే గెలిచాడు కదా అని లక్షల మంది ఆన్‌లైన్‌లో చేరారు. పోకర్‌తో బతకడం తేలికైన రోజులు అవే. 2006 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం బ్యాంకు చెల్లింపులకు అడ్డం పడే చట్టం తెచ్చింది. 2011 ఏప్రిల్ 15న పెద్ద సైట్ల మీద కేసులు పెట్టి వాటి వెబ్‌సైట్లు స్వాధీనం చేసుకుంది. రాత్రికి రాత్రే వేలమంది ప్రొఫెషనల్స్ జీతం ఆగిపోయింది. కొందరు దేశం విడిచి కెనడాకో మెక్సికోకో వెళ్ళారు. వాళ్ళలో ఎవరి ఆటా ఆ రాత్రి పాడవలేదు.

ఆట మాత్రం చావలేదు. 2023లో అదే మెయిన్ ఈవెంట్‌కి 10,043 మంది, 2024లో 10,112 మంది వచ్చారు. ఇది చూసి చాలామంది ధైర్యం తెచ్చుకుంటారు. కానీ ఆ టోర్నమెంట్‌లో డబ్బు వచ్చేది సుమారు 15 శాతం మందికి, అందులోనూ చాలామందికి కట్టిన పది వేల డాలర్ల మీద కాస్త ఎక్కువ. ఏడాదికోసారి జరిగే పండగకి జనం పెరగడం వేరు, మంగళవారం మధ్యాహ్నం మీరు కూర్చునే టేబుల్ దగ్గరికి సరదా మనుషులు రావడం వేరు. మీ ఇల్లు గడిచేది ఆ మంగళవారం మీదే.

రేక్ ముందు తీసి పక్కన పెట్టండి

టేబుల్ నడిపేవాళ్ళు ప్రతి పాట్‌లోంచీ కొంత తీసుకుంటారు. అదే రేక్. వాన పడ్డా పడకపోయినా కౌలు రైతు కట్టాల్సిన కౌలు లాంటిది. పంట మీదో మీ ప్రత్యర్థిదో, కౌలు మాత్రం తప్పదు.

ఒక ఉదాహరణ చూడండి. గంటకి 30 చేతులు (ఒకసారి ముక్కలు పంచి ఆడితే ఒక చేయి) పంచుతారు, సగటున ఒక్కో చేతికి రేక్ ₹400 పోతోంది అనుకుందాం. గంటకి ₹12,000. ఎనిమిది గంటల్లో ₹96,000. తొమ్మిది మంది తలా ₹30,000 పెట్టుకుని కూర్చుంటే టేబుల్ మీద మొత్తం ₹2,70,000. రాత్రి ముగిసేసరికి అందులో మూడో వంతుకి పైగా ఎవరి చేతికీ రాకుండా పోయింది. సరదాకి వచ్చినవాళ్ళు పోగొట్టుకున్నదంతా మీకే వస్తుందనుకోవద్దు. ముందు ఈ ₹96,000 తీసేయాలి, మిగిలినదాన్ని మిగతా మంచి ఆటగాళ్ళతో పంచుకోవాలి. మీరు ఆడే చోట రేక్ ఎంత శాతం, గరిష్ఠం ఎంత, గంటకి ఎన్ని చేతులు అన్నవి అక్కడే కూర్చుని నిజమైన అంకెలతో లెక్క కట్టండి. టెక్సస్‌లో చాలా కార్డ్ రూమ్‌లు పాట్‌లోంచి తీసుకోకుండా గంటకి ఇంత అని సీటు అద్దె తీసుకుంటాయి. అక్కడ లెక్క ఇంకా తేలిక: గంట అద్దెని మీ గంట సంపాదనలోంచి తీసేయడమే.

మూడు నెలల గెలుపు దేనికీ రుజువు కాదు

ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను.

పోకర్‌లో సంపాదనని వంద చేతులకి ఎన్ని బిగ్ బ్లైండ్లు అని కొలుస్తారు. బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం. ఆన్‌లైన్‌లో వంద చేతులకి 5 బిగ్ బ్లైండ్లు గెలిచేవాళ్ళని మంచి ఆటగాళ్ళనే అనాలి. అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట మాత్రం అదే వంద చేతులకి 100 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటుంది. సంపాదన 5, ఊగిసలాట 100. లక్ష చేతులు ఆడాక సంపాదన 5,000 బ్లైండ్లు రావాలి. ఊగిసలాట అదే వేగంతో పెరగదు, వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి సుమారు 3,160 దగ్గర ఆగుతుంది. అంటే ఇరవైలో పందొమ్మిది సార్లు మీ ఫలితం వెయ్యికి పైగా నష్టం నుంచి పదకొండు వేల లాభం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. వంద చేతులకి 3 బ్లైండ్లు గెలిచే మనిషైతే, లక్ష చేతుల తర్వాత కూడా నష్టంలో ఉండే అవకాశం సుమారు ఆరింట ఒకటి. ఆ మనిషి తప్పేమీ లేదు. బాగానే ఆడాడు.

ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని ఆడే లైవ్ ఆటకి రండి. గంటకి 30 చేతులంటే, ఏడాదికి వెయ్యి గంటలు కూర్చున్నా 30,000 చేతులే. లక్ష చేతులు పూర్తి కావడానికి మూడేళ్ళు దాటుతుంది. మూడు నెలల గెలుపు చూసి రాజీనామా రాసేవాళ్ళని చూస్తే నాకు గుండె బరువెక్కేది ఇందుకే. ఆ మూడు నెలల్లో వాళ్ళు ఆడింది ఏడెనిమిది వేల చేతులు. అందులో ఆసుల జత వచ్చినప్పుడల్లా ఎదుటివాళ్ళ దగ్గర రాజుల జత ఉండి ఉంటే చాలు, ఎవరైనా గొప్ప ఆటగాడిలా కనిపిస్తారు.

కాబట్టి కూర్చున్న ప్రతిసారీ నోట్‌బుక్‌లో ఇవి రాయండి: తేదీ, ఊరు, బ్లైండ్లు, ఎన్ని గంటలు, ఎంతతో కూర్చున్నారు, ఎంతతో లేచారు, సరదా మనుషులు ఎంతమంది, ప్రయాణం, తిండి, గది ఖర్చు. వెయ్యి గంటలు నిండేదాకా ఉద్యోగం మానే మాటే ఎత్తొద్దు. వెయ్యి గంటలు ఉద్యోగం చేసుకుంటూనే ఆడొచ్చు. టైం పడుతుంది. పట్టనివ్వండి.

పన్ను కట్టాక ఎంత మిగులుతుంది

చాలామంది ఈ అంకె చూడకుండానే నిర్ణయం తీసుకుంటారు. మన దేశంలో పేకాట గెలుపు మీద ఆదాయపు పన్ను నేరుగా 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. స్లాబులు వర్తించవు. ఖర్చులు తీసేయడానికి లేదు. ఈ ఏడాది నష్టాన్ని వచ్చే ఏడాది లాభంలోంచి తీసేయడానికీ లేదు. జీతగాళ్ళకి కొత్త పన్ను విధానంలో ₹12,75,000 దాకా పన్నే పడదు. ఆ రాయితీ పేకాట ఆదాయానికి రాదు.

పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాదికి ₹12 లక్షల జీతం: పన్ను సున్నా, పైగా పీఎఫ్, గ్రాట్యుటీ, హెల్త్ ఇన్సూరెన్స్. పోకర్‌లో ₹12 లక్షలు: అంటే బిగ్ బ్లైండ్ ₹200 ఉన్న టేబుల్ మీద గంటకి 6 బ్లైండ్లు, వెయ్యి గంటలు. ఇది చాలా మంచి ఆట. పన్ను ₹3,74,400 పోగా మిగిలేది ₹8,25,600. గోవాలో గది, తిండి, రాకపోకలు నెలకి ₹40,000 అనుకుంటే ఏడాదికి ₹4,80,000. చేతిలో ఉండేది ₹3,45,600. నెలకి ₹28,800. అదే ఏడాది అదృష్టం బాగోక ₹5 లక్షలే వచ్చాయనుకోండి, అది అరుదే గానీ జరగొచ్చు, పన్నూ ఖర్చులూ పోగా మీరే ఎదురు ₹1,36,000 పెట్టుకోవాలి. నిజానికి ఓడిన రోజుల్ని గెలిచిన రోజుల్లోంచి తీసేయడానికి పన్ను శాఖ ఒప్పుకుంటుందా అన్నదే పెద్ద పేచీ. నేను ఇక్కడ మీకు అనుకూలంగానే లెక్క కట్టాను.

ఇంకో లెక్క. మొదటి ఏడాది ₹4 లక్షలు పోయాయి, రెండో ఏడాది ₹10 లక్షలు వచ్చాయి. రెండేళ్ళు కలిపి మీ సంపాదన ₹6 లక్షలు. పన్ను మాత్రం ₹10 లక్షల మీద, ₹3,12,000. సంపాదనలో సగానికి పైగా పోయింది.

దీనికి తోడు జీఎస్టీ. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్‌లో వేసిన డిపాజిట్ మొత్తం మీద, కాసినోలో కొన్న చిప్స్ మొత్తం మీద 28 శాతం పెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. పన్నుతో కలిపి పది వేలు ఇస్తే అందులో ₹2,857 పన్నుకే పోతుంది. మీకంటే ఎక్కువగా ఇది సరదా మనిషిని దెబ్బ కొడుతుంది. రెండు గంటలు ఆడాల్సిన డబ్బుతో గంటన్నర కూడా ఆడలేక, తర్వాతి సారి రావడం మానేస్తాడు. నోట్‌బుక్‌లో సరదా మనుషుల సంఖ్య రాయమన్నది ఇలాంటి మార్పు ముందే కనిపించడానికే.

అమెరికాలో ఉన్నవాళ్ళకి కూడా ఒక హెచ్చరిక. 2025 జూలైలో వచ్చిన పన్ను చట్టం ప్రకారం, 2026 నుంచి జూదం నష్టాల్లో 90 శాతమే గెలుపులోంచి తీసేసుకోవచ్చు. ఏడాది పొడవునా గెలిచిన సెషన్లలో రెండు లక్షల డాలర్లు వచ్చి, ఓడిన సెషన్లలో రెండు లక్షల డాలర్లు పోయినా, రాని 20,000 డాలర్ల మీద పన్ను కట్టాలి. తక్కువ లాభం, ఎక్కువ ఊగిసలాట ఉన్న ఆటగాళ్ళకి ఇది ప్రాణాంతకం. వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏ పనికి అనుమతి ఉందో లాయర్‌ని అడగకుండా పోకర్‌ని వృత్తిగా చేసుకోవద్దు.

చట్టం ఎన్నిసార్లు తలుపు మూసిందో చూడండి

1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని తీర్పిచ్చింది. యాభై ఏళ్ళు దేశమంతా పేకాట లాయర్లు ఆ తీర్పు మీదే నిలబడ్డారు. పోకర్ కూడా నైపుణ్యమే కాబట్టి మన పనికి ఢోకా లేదని మేమంతా అనుకునేవాళ్ళం. తర్వాత ఏమైందో వరసగా చూడండి.

2017లో తెలంగాణ ప్రభుత్వం, నైపుణ్యం ఉన్న ఆటైనా సరే, డబ్బు పెట్టి ఆడితే జూదమేనని చట్టం మార్చింది. నేను హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసి బెంగళూరు వచ్చింది అందుకే. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది, ఇక తెనాలి వెళ్తే లాప్‌టాప్ తెరిచే పని లేదు. 2021 అక్టోబరులో కర్ణాటకా నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ సవరణల్ని కొట్టేసేదాకా నెలల తరబడి సంపాదన లేదు. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్నదానితో పని లేకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడేవాళ్ళకి శిక్ష పెట్టలేదు. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయింది. ఆ రోజుల్లో నేను ఆడే యాప్ తెరిస్తే లాబీలో క్యాష్ టేబుళ్ళు లేవు. ఎప్పుడూ రాత్రి పదింటికి నిండిపోయే వరసలన్నీ ఖాళీ. డబ్బు వెనక్కి తీసుకునే బటన్ ఒక్కటే పనిచేస్తోంది. ఆ చట్టం మీద వేసిన కేసులు సుప్రీంకోర్టుకి చేరాయి.

ఒకే మనిషి పనిచేసే వయసులో, ఎనిమిదేళ్ళలో, నేనుంటున్న చోటే తలుపు మూడుసార్లు మూసుకుంది. ఏ సారీ నా ఆటలో లోపం లేదు. బీమా లెక్కలు కట్టే మనిషిగా నేను దీన్ని ఇలా చూస్తాను: మూడేళ్ళకోసారి మీ సంపాదన కొన్ని నెలలపాటు పూర్తిగా ఆగుతుందని ముందే రాసుకోండి. ఆ నెలల ఖర్చుని ఆడే నెలల మీద పంచండి. అప్పుడు కూడా జీతం కంటే ఎక్కువ మిగిలితేనే ఈ పని లాభసాటి. చాలామంది లెక్క ఇక్కడే ఆగిపోతుంది.

విదేశీ సైట్లలో ఆడొచ్చని, డబ్బు క్రిప్టోలోనో ఏజెంట్ చేతనో పంపొచ్చని ఎవరైనా చెబితే వినకండి. గెలిచిన డబ్బు రాకపోతే అడగడానికి మనిషి ఉండడు, బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అయితే చూపించడానికి కాగితం ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అపార్ట్‌మెంట్లలో, ఫామ్‌హౌస్‌లలో నడిచే ప్రైవేటు ఆటల సంగతీ అంతే. పోలీసు కేసు ఒక్కటి పడితే తర్వాత పాస్‌పోర్టు, ఉద్యోగం, పెళ్ళి సంబంధం అన్నిటికీ అడ్డం వస్తుంది.

నైపుణ్యం ధర పడిపోతోంది

2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్ అనే పోకర్ రకాన్ని కంప్యూటర్‌తో దాదాపు పూర్తిగా సాధించేశారు. 2017లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ లిబ్రాటస్ అనే ప్రోగ్రాం, పిట్స్‌బర్గ్ కాసినోలో నలుగురు ప్రొఫెషనల్స్‌తో 1,20,000 చేతులు ఆడి గెలిచింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి టేబుల్ మీద కూడా ప్రొఫెషనల్స్‌ని ఓడించింది. దానికి శిక్షణ ఇవ్వడానికి ఎనిమిది రోజులు పట్టింది, కంప్యూటర్ ఖర్చు 150 డాలర్ల లోపు. నన్ను ఆలోచనలో పడేసిన అంకె ఇదే. ప్రపంచంలో మంచి ఆటగాళ్ళకంటే బాగా ఆడే యంత్రం తయారు చేయడానికి అయిన ఖర్చు మా ఇంటి నెల అద్దెకంటే తక్కువ.

ఇప్పుడు ఏ చేతికి ఏది సరైన ఆటో లెక్కకట్టి చెప్పే సాల్వర్ ప్రోగ్రాములు నెల చందాకి దొరుకుతున్నాయి. ఒకప్పుడు ఏళ్ళు ఆడితే గానీ తెలియని విషయం ఇవాళ డిగ్రీ చదివే పిల్లవాడు సెలవుల్లో నేర్చుకుంటున్నాడు. ఆన్‌లైన్ ఆట చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో కూడా, ఎదుట ఉన్నది మనిషో, తనంతట తానే ఆడే ప్రోగ్రామో (బాట్), ఆడుతూ ఆడుతూ సాల్వర్ చూసుకుంటున్న మనిషో తెలియదు. కాబట్టి నా అంచనా ఇది: వృత్తిగా మిగిలేది ఎదురెదురుగా కూర్చుని ఆడే లైవ్ ఆటే. అందులో నిలబడాలంటే లెక్కలతో పాటు మనిషితనం కావాలి. సరదా మనిషి మళ్ళీ మీ టేబుల్‌కే రావాలంటే మీతో ఆడటం అతనికి హాయిగా ఉండాలి. ఓడినవాళ్ళ ఆటని ఎగతాళి చేసేవాళ్ళు, ప్రతి చేతికీ రెండేసి నిమిషాలు ఆలోచించేవాళ్ళు తమ తిండిలో తామే మట్టి పోసుకుంటున్నారు. చక్కగా పలకరించండి, వేగంగా ఆడండి.

డబ్బును మూడు చోట్ల పెట్టండి

ఇవన్నీ చూశాక కూడా ఆడాలనే నిర్ణయించుకుంటే, మొదటి రూపాయి గెలవకముందే ఈ ఏర్పాటు చేసుకోండి. ఆట డబ్బు ఒక ఖాతా: లైవ్‌కి కనీసం 40 బైయిన్లు (టేబుల్ దగ్గర కూర్చోవడానికి ఒకసారి పెట్టే డబ్బు ఒక బైయిన్), అంటే ₹20,000 బైయిన్‌కి ₹8 లక్షలు. ఇంటి డబ్బు ఇంకో ఖాతా: ఏడాదిన్నర ఖర్చులు. నెలకి ₹50,000 అయ్యే ఇంటికి ₹9 లక్షలు. మూడోది పన్ను ఖాతా: గెలిచిన రోజు రాత్రే మూడో వంతు అందులో వేసి మర్చిపోవాలి. ఈ ₹17 లక్షలు అప్పు చేసి తెచ్చుకునే డబ్బు కాకూడదు, అమ్మ బంగారం మీద తెచ్చేది అసలే కాకూడదు.

ఇంటి ఖాతాకి నెలకింత అని జీతంలా పంపండి, ఎంత గెలిచినా పెంచొద్దు. ఈఎంఐలు పెట్టుకోవద్దు. హోమ్ లోన్‌కి వెళ్తే బ్యాంకు మీ గెలుపు చూసి మురిసిపోదు, నిలకడైన ఆదాయం కాగితాలు అడుగుతుంది. ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఉద్యోగంలో ఉండగానే ఆ పని చూసుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్, టర్మ్ పాలసీ కూడా రాజీనామాకి ముందే. పన్ను కోత పత్రాలు, కాసినో రసీదులు అన్నీ ఫైల్లో పెట్టి, ఈ రకం ఆదాయం చూసిన అనుభవం ఉన్న ఆడిటర్‌కి ఏటా చూపించండి.

రెండో విద్య వదలొద్దు. నాకు స్టాటిస్టిక్స్ ఉంది కాబట్టి 2025 ఆగస్టు తర్వాత ఇంటర్వ్యూలకి వెళ్ళగలిగాను. ఆడిన రోజుల్లో కూడా వారానికి రెండు పూటలు బీమా పరీక్షలకి చదివేదాన్ని. "ఇన్నేళ్ళు ఏం చేశారమ్మా?" అని ఒక పెద్దాయన అడిగితే నా నోట్‌బుక్‌ల మీద చేసిన విశ్లేషణ చూపించాను. ఆయన చివరి పేజీ దాకా చదివారు. మీ రంగం కోడింగో, అకౌంట్లో, టీచింగో, ఏదైనా సరే, రెండేళ్ళకి మించి ఖాళీ రానివ్వకండి. ఫ్రీలాన్స్ పనైనా చేయండి.

ఇక నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను. ఇవాళ మన దేశంలో ఉంటూ పోకర్ ఒక్కదాని మీదే బతకమని నేను ఎవరికీ చెప్పను, ఎంత బాగా ఆడేవాళ్ళకైనా సరే. ఉద్యోగం చేసుకుంటూ, ఏడాదికి కొన్నిసార్లు మంచి టేబుళ్ళు చూసుకుని ఆడితే చేతికి కొంత అదనంగా రావచ్చు. చట్టమూ పన్నూ అనుకూలంగా ఉన్న దేశంలో స్థిరపడ్డవాళ్ళ లెక్క వేరు, కానీ వాళ్ళు కూడా పైన చెప్పిన అంకెలన్నీ తమ ఊరి అంకెలతో మళ్ళీ కట్టుకోవాలి.

ఒక చిన్న పరీక్ష కూడా పెట్టుకోండి. నెల రోజులు ముక్కలు ముట్టకుండా ఉండండి. చేతులు లాగుతుంటే, నిద్ర పట్టకపోతే, పోయింది రాబట్టుకోవాలన్న ఆలోచనే తిరుగుతుంటే, అప్పుల సంగతి ఇంట్లో దాస్తుంటే, ఈ లెక్కలేవీ మీకు అవసరం లేదు. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పరీక్ష దాటితే, ఏ పరిస్థితి వస్తే ఆపేస్తారో ముందే రాసి పెట్టుకోండి. నేను రాసుకున్న నాలుగు ఇవి: ఇంటి ఖాతా ఆరు నెలల ఖర్చుకి పడిపోతే, ఆట ఖాతా సగమైతే, వరసగా రెండు ఆర్థిక సంవత్సరాలు పన్ను పోగా జీతం కంటే తక్కువ వస్తే, టేబుల్ మీద సరదా మనుషుల సగటు రెండుకి దిగితే. ఆ కాగితం మీద మీరు, ఇంట్లో డబ్బు సంగతులు తెలిసిన ఇంకొకరు సంతకం పెట్టండి. మా ఇంట్లో చెల్లి పెట్టింది. ఏటా ఏప్రిల్ మొదటి వారంలో ఇద్దరూ కూర్చుని, నోట్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని, అంకెలు మళ్ళీ సరిచూడండి.